ప్రసాదము, కాయకము: ఎదుగుదల మందగించిన బిడ్డల పోషణ

వీరశైవుని ఇంట శిశువు జన్మించిన కొలది దినములలోనే గురువు విచ్చేసి ఆ శిశువునకు లింగధారణము చేయును. కొన్ని కుటుంబములలో శిశువు గర్భమునందుండగనే ఆ సంస్కారము జరుగును. ఆనాటికి ఆ బిడ్డ మెడ నిలుపలేదు, మాట పలుకలేదు. ముందుముందు నడచునో నడవలేడో, చదువునో చదువలేడో ఎవ్వరును ఎరుగరు. అయినను గురువు బిడ్డ శక్తిని పరీక్షించి లింగము నొసగడు. నీవు నడచినపుడు ఇత్తును, మాటలాడినపుడు ఇత్తును అని నియమము పెట్టడు. ఆ దేహము శివునకు ఆలయమని ముందుగనే అంగీకరించి, పిమ్మట లింగము నొసగుచున్నాడు.

ఈ పాఠమునకు ఆధారమైన సత్యమిదియే. దేహమే దేవాలయమను బసవేశ్వరుని బోధ దృఢమైన దేహములకు మాత్రమే చెప్పబడినది కాదు. మెడ నిలుపలేని దేహమును ఆలయమే. మాట రాని నోరును శివుని ద్వారమే.

మన మఠములకును, సత్సంగములకును వచ్చు తల్లిదండ్రులలో ఇట్టి బిడ్డలు కలవారు కొందరుందురు. వారి ప్రశ్నలు రెండు. “ఏ పాపమువలన మాకిట్టి బిడ్డ కలిగెను?” అనునది మొదటిది. “ఏమి పెట్టిన, ఏ వ్యాయామము చేయించిన మా బిడ్డ అందరివలె అగును?” అనునది రెండవది. మొదటి ప్రశ్నకు సమాధానము సులభము. జనన సూతకమునే అంగీకరింపని మతము మనది. అట్టి మతమున పుట్టినవారు బిడ్డ పుట్టుకలో పాపమును వెదకుట తగదు. రెండవ ప్రశ్నకు మాత్రము ఓర్పుతో, వివరముగ సమాధానము చెప్పవలసియున్నది. ఏలయనగా ఆహారమును వ్యాయామమును కొన్ని యెడల బిడ్డ జీవితమునే నిలబెట్టును. కొన్ని యెడల దేహమునకు బలము నిచ్చునేగాని మూలకారణమును మార్పజాలవు. మరికొన్ని యెడల తెలియక చేసినచో కీడు కలిగించును. ఈ మూటికిని గల భేదమును గ్రహించుటయే నేటి పాఠము.

బెజ్జమహాదేవి చూపిన మార్గము

పాల్కురికి సోమనాథ మహాకవి బసవపురాణమున చెప్పిన ముగ్ధభక్తుల కథలలో బెజ్జమహాదేవి కథ తల్లులందరును ఎరుగదగినది. శివునకు తల్లి లేదు గదా, తల్లియున్నచో అతడు జడలు కట్టి, బూడిద పూసికొని, విషము త్రాగి యుండునా అని ఆమె మనసు కరగెను. తానే తల్లియై, లింగమును పసిబిడ్డగా భావించి స్నానము చేయించుచు, పాలు పోయుచు, లాలించుచు పెంచెను. ఒకనాడు ఆమె భక్తిని పరీక్షింపనెంచి శివుడు అంగిట నొప్పి గల బిడ్డవలె పాలు ముట్టడయ్యెను. ఆ తల్లి తల్లడిల్లి ప్రాణములు విడువ సిద్ధపడగా శివుడు ప్రత్యక్షమయ్యెను. తల్లిలేని దేవునికి తల్లియైనందున ఆమెకు అమ్మవ్వ అను పేరు కలిగెను.

ఇందు గమనింపవలసిన అంశములు రెండు. ఆమె బిడ్డనుండి ఏమియు కోరలేదు. బిడ్డ పలుకకున్నను, కదలకున్నను సేవలో లోపము చేయలేదు. ఇది మొదటిది. బిడ్డ పాలు త్రాగనపుడు తల్లి పడు వేదన శివుని ఎదుట నిలువదగినంత గొప్పదని కవి గుర్తించుట రెండవది. ముద్ద మ్రింగలేని బిడ్డకు అన్నము పెట్టుచు ప్రతిపూట కన్నీరు పెట్టుకొను తల్లి ఏ ఊరిలోనైనను కలదు. ఆమె చేయుచున్నది చిన్న పని కాదు. అది లింగపూజయే.

మొదట పరీక్ష, పిమ్మట ఆహారము

బిడ్డ ఎదుగుదల మందగించినదని తోచినపుడు మొదట చేయవలసినది ఆహారము మార్చుట కాదు, కారణము తెలిసికొనుట. ఆహారముచేతనో, చిన్న మాత్రచేతనో నివారింపదగిన కారణములు కొన్ని కలవు. వానిని కాలయాపన చేసినచో మెదడునకు కలిగిన నష్టము తిరిగి పూడదు.

శాకాహారులమైన మనము అన్నిటికంటె ముందు ఎరుగవలసినది విటమిన్ బి-12 లోపము. ధాన్యములందును, పప్పులందును, కూరలందును ఈ విటమిను నమ్మదగినంతగా లేదు. శాకాహారులకు ఇది లభించునది పాలు, పెరుగు వంటి వానినుండియే. కడుపుతోనున్న తల్లి పాలు పెరుగు చాలినంతగా తీసికొననిచో ఆమె దేహమున ఈ నిల్వ తరిగిపోవును. నీళ్ల మజ్జిగతో సరిపెట్టుకొను తల్లుల విషయమిట్లే. అట్టి తల్లిపాలు మాత్రమే త్రాగి, పై ఆహారము ఆలస్యముగ మొదలుపెట్టబడిన శిశువునకు, సాధారణముగ 6 నెలలనుండి 18 నెలల వయస్సు మధ్య, కొన్ని లక్షణములు కనబడును. నవ్వుచుండిన బిడ్డ నవ్వు మానును. నిలిపిన తల వాల్చును. కూర్చుండుట మరచును. దేహము పాలిపోవును, వ్రేళ్ల కణుపులపై చర్మము నల్లబడును, చేతులు, తల వణకును. మన దేశపు వైద్యులు ఈ వ్యాధిని 1950 దశకమునుండి వర్ణించుచున్నారు. వైద్యుడు రక్తపరీక్ష చేసి బి-12 సూదిమందు నిచ్చినచో బిడ్డ కొలది దినములలోనే చుట్టుపక్కలవారిని చూచి స్పందించుట మొదలిడును. ఆలస్యమైనచో కొంత లోపము నిలిచిపోవచ్చును.

“మాత్ర వేసికొనిన మన ఆచారము చెడునా?” అని కొందరు సంకోచింతురు. ఈ విటమిను సూక్ష్మజీవుల సహాయమున పులియబెట్టు పద్ధతిచే తయారగుచున్నది. మాంసమునుండి తీయబడునది కాదు. కావున గర్భిణియు, బాలింతయు వైద్యుని సలహాపై ఈ మాత్రను తీసికొనుటవలన ఆచారమునకు భంగము లేదు. బిడ్డ మెదడును కాపాడుట సదాచారమే.

రెండవది థైరాయిడు గ్రంథి లోపము. పుట్టుకతో ఈ గ్రంథి సరిగా పనిచేయని శిశువు చూచుటకు ఆరోగ్యముగనే ఉండును. మొదటి రెండు వారములలో కనుగొని దినమునకొక చిన్న మాత్ర మొదలిడినచో ఆ బిడ్డ తోటివారివలెనే పెరుగును. విడిచినచో బుద్ధి మందగించును. డౌన్ సిండ్రోమ్ గల బిడ్డలలో ఈ లోపము అధికము గనుక వారికి ఏటేట ఈ పరీక్ష చేయించవలెను. గర్భిణికి అయొడిన్ లోపించినను గర్భస్థ శిశువు మెదడు దెబ్బతినును. ఇందులకే మన దేశమున 1962లో గాయిటర్ నిరోధక కార్యక్రమము ఆరంభమై అయొడిన్ ఉప్పు ప్రచారములోనికి వచ్చినది. చౌకయని విడి రాళ్ల ఉప్పు కొనుట ఇంటికి మేలు కాదు.

మూడవది ఇనుము లోపించిన రక్తహీనత. ఇది బిడ్డకు నీరసమును, చిరాకును, నేర్చుకొను శక్తియందు వెనుకబాటును కలిగించును. పప్పులు, ఆకుకూరలు, రాగులు పెట్టుటతో పాటు, భోజనమున నిమ్మరసమో ఉసిరికాయయో చేర్చినచో దేహము ఇనుమును చక్కగా గ్రహించును. అన్నముతో పాటు టీ, కాఫీలు త్రాగించుట ఆ మేలును తగ్గించును. రక్తహీనత అధికమైనచో ఆహారము మాత్రము చాలదు. వైద్యుడిచ్చిన ఇనుపమందు కావలెను.

ఒక తల్లి పట్టుదల

ఆహారమే ఔషధమైన ఒక సంగతిని విశేషముగ చెప్పవలెను. నార్వే దేశమున ఒక తల్లికి ఇద్దరు బిడ్డలు. ఇద్దరికిని బుద్ధి వికసింపలేదు. బిడ్డల మూత్రమున ఏదియో వింత వాసన కలదని ఆ తల్లి గమనించి, వైద్యులెందరు పెడచెవిని పెట్టినను విడువక, కారణము తెలుపుడని తిరిగెను. 1934లో ఆస్బ్యోర్న్ ఫోలింగ్ అను వైద్యుడు ఆమె మాటను మన్నించి పరీక్షించి, ఫినైల్ కీటోన్యూరియా అను వ్యాధిని కనుగొనెను. మాంసకృత్తులయందుండు ఫినైల్ ఎలనిన్ అను పదార్థమును ఆ బిడ్డల దేహము మార్చుకొనజాలదు. అది రక్తమున పేరుకొని మెదడును చెరచును.

1951 ప్రాంతమున ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరమున మరియొక తల్లి, ఇదే వ్యాధిగల తన కుమార్తెకు చికిత్స చూపుడని హోర్స్ట్ బికెల్ అను వైద్యుని ప్రయోగశాల కడకు ప్రతి ఉదయము వచ్చి నిలుచుండెడిది. చికిత్స లేదని చెప్పినను ఆమె వినలేదు. చివరకు ఆయన సహచరులతో కూడి ఆ పదార్థమును తగ్గించిన ప్రత్యేకాహారమును తయారుచేసి ఆ బిడ్డకిచ్చిరి. ఎడతెగక ఏడ్చుచు తల బాదుకొనుచుండిన బిడ్డ శాంతించెను. పాకుట, నిలుచుట నేర్చెను. 1953లో ఈ ఫలితమును లోకమునకు ప్రకటించిరి. అయితే అప్పటికే చెడిన మెదడు పూర్తిగ బాగుపడలేదు. శిశువు పుట్టిన కొలది దినములకే ఆహారము మార్చిననేగాని పూర్ణఫలము లేదని దీనిచే స్పష్టమయ్యెను. పిమ్మట 1960 దశకారంభమున అమెరికాలో రాబర్ట్ గత్రీ శిశువు మడమనుండి తీసిన రక్తపు బొట్టుతో ఈ వ్యాధిని కనుగొను పరీక్షను ప్రచారములోనికి తెచ్చెను. ఆయనయు బుద్ధి వికసింపని కుమారునికి తండ్రియే.

ఈ వృత్తాంతమున మనకు రెండు పాఠములున్నవి. కందిపప్పు, పాలు, పెరుగు ఇతర బిడ్డలకు అమృతము. ఈ వ్యాధిగల బిడ్డకు విషము. కావున అందరికి మంచిదైన ఆహారము నా బిడ్డకు మంచిదేయని ఊహింపరాదు, పరీక్షచేతనే తెలియవలెను. ఇక మేనరికములవలన ఇట్టి జన్యువ్యాధులు కలుగు అవకాశము హెచ్చు. మన తెలుగు కుటుంబములలో మేనరికములు వాడుకయందున్నవి గనుక, అట్టి దంపతులు శిశువు పుట్టిన వెంటనే ఈ రక్తపరీక్షను అడిగి చేయించుకొనవలెను. అన్ని ఆసుపత్రులలోను అది తనంతట జరుగునని ఎంచరాదు.

ఆహారము మూలమును మార్పని చోట

డౌన్ సిండ్రోమ్‌నకు కారణము కణములయందు 21వ క్రోమోజోము ఒకటి అధికముగ నుండుట. ఈ సంగతి 1959లో వెల్లడియైనది. సెరిబ్రల్ పాల్సీకి కారణము పుట్టుకకు ముందుగాని, పుట్టునపుడుగాని, పిమ్మటగాని ఎదుగుచున్న మెదడునకు కలిగిన దెబ్బ. ఆటిజము బిడ్డ మెదడు ఎదుగుదలయందే భేదముతో వచ్చును. వీనిని ఏ ఆహారమును తొలగింపలేదు. ఈ మాట కఠినముగ తోచవచ్చును. కాని దీనిని దాచినవారు తల్లిదండ్రులకు మిత్రులు కారు.

గోధుమను, పాలను మాన్పించినచో ఆటిజము పోవునని ప్రచారము కలదు. జరిపిన పరిశోధనలలో దీనికి నమ్మదగిన ఆధారము దొరకలేదు. పరీక్షలో గోధుమ పడని వ్యాధిగాని, పాలు పడని తత్త్వముగాని తేలినపుడు మాత్రమే వైద్యుని ఆజ్ఞపై మాన్పించవలెను. మాంసము తినని ఇంట బిడ్డకు పాలు కూడ మాన్పించినచో కాల్షియము, బి-12 లభించు దారి మూసుకొనిపోవును. అప్పటికే నాలుగైదు పదార్థములు మాత్రమే తిను బిడ్డనుండి రెండింటిని తీసివేసిన మిగులునదేమి? ఆలోచింపవలెను.

విటమినులు ఎంత వేసిన అంత మేలను తలంపును సరికాదు. ఎ, డి విటమినులు మితిమీరినచో విషమగును. సీసము మెదడునకు శత్రువు; పరీక్షింపబడని భస్మములలో సీసము, పాదరసము ఉండవచ్చును గనుక వానిని బిడ్డకు పెట్టరాదు. ఏడాది నిండని శిశువునకు తేనె నాకించరాదు. మూర్ఛలను అణచుటకు నేయి, నూనెలు హెచ్చుగను, పిండిపదార్థములు మిక్కిలి తక్కువగను గల ఒక ఆహారపద్ధతి 1921నుండి వైద్యములో ఉన్నది. అది నిజముగ ఉపకరించు చికిత్సయే. కాని ఆసుపత్రి పర్యవేక్షణమున తప్ప ఇంట సొంతముగ చేయదగినది కాదు.

ముద్ద ప్రసాదమగు విధము

లింగార్పితమైన పదార్థమే మనకు ప్రసాదము. దానిని పారవేయము, కోపముతో ముట్టము. ఈ భావమును బిడ్డ భోజనమునకును చెల్లించవలెను. అరచుచు, ముక్కు మూసి, నోట క్రుక్కిన ముద్ద ప్రసాదము కాదు. పైగా అది ప్రమాదము.

సెరిబ్రల్ పాల్సీ గల బిడ్డను పరుండబెట్టి తినిపింపరాదు. నడుము నిలువుగను, తల మధ్యకును, గడ్డము కొంచెము దిగువకును ఉండునట్లు కూర్చుండబెట్టి, ఎదుట మన ముఖము బిడ్డ కన్నుల ఎత్తున నుండునట్లు కూర్చుండవలెను. చిన్న చెంచాతో కొద్దికొద్దిగ పెట్టి, మ్రింగిన పిమ్మటనే మరల అందింపవలెను. మిక్కిలి పలుచని ద్రవము కొందరికి ఊపిరితిత్తులలోనికి పోవును. తినునపుడు దగ్గు, తిన్న వెనుక గొంతులో గురగుర, మాటిమాటికి న్యుమోనియా వచ్చుట దాని గుర్తులు. అవి కనబడినచో మ్రింగుడు పరీక్ష తెలిసిన నిపుణునకు చూపి, ఎంత చిక్కన తగునో తెలిసికొనవలెను. కొద్ది ముద్దలలోనే బలము చేరుటకు రాగిజావలోనో, పప్పన్నములోనో నేయియు, మెత్తగ దంచిన వేరుశనగ పొడియు కలుపవచ్చును. నూరు గ్రాముల రాగులలో సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియము కలదు; కదలిక తక్కువై ఎముకలు బలహీనమగు బిడ్డలకు అది మేలు. నెలకొకమారు తూకము వేసి వ్రాసికొనుట మరువరాదు.

డౌన్ సిండ్రోమ్ బిడ్డల సంగతి వేరు. వారి దేహము విశ్రాంతియందు ఖర్చుచేయు శక్తి తక్కువ గనుక త్వరగ లావెక్కుదురు. జాలిచేత మిఠాయిలు పెట్టు బంధువులను మృదువుగ వారింపవలెను. ఆటిజము గల బిడ్డ క్రొత్త పదార్థమును చూచి బెదరినచో, తెలిసిన పదార్థము ప్రక్కన చిటికెడు ఉంచి ఊరకుండవలెను. పదిమారులు ముట్టక పదునొకండవమారు ముట్టు బిడ్డలు కలరు. ఆహారమును శిక్షగనో లంచముగనో వాడరాదు.

వ్యాయామమును కాయకముగ నెంచవలెను

కాయకమనగా తన దేహముతో తాను చేయు శ్రమ. మడివాళ మాచయ్య బట్టలుతికెను. అంబిగర చౌడయ్య పడవ నడపెను. నులియ చందయ్య త్రాళ్లు పేనెను. ఒకరి కాయకమును మరియొకరు చేయుట లేదు. ఎదుగుదల మందగించిన బిడ్డల వ్యాయామమునకును ఈ సూత్రమే మూలము. పెద్దలు బిడ్డ కాలుసేతులను పట్టి ఆడించుటవలన కీళ్లు బిగియకుండ కొంత మేలు కలుగవచ్చును. నూనె రాచుటవలన బిడ్డకు హాయియు, తల్లితో చెలిమియు కలుగును. కాని మెదడు క్రొత్త కదలికను నేర్చునది బిడ్డ తానుగ ప్రయత్నించినపుడే. నేర్పదలచిన పనినే, చిన్న భాగములుగ చేసి, మాటిమాటికి చేయించుట ఉత్తమ మార్గమని నేటి చికిత్సాశాస్త్రము చెప్పుచున్నది.

దీనికి విలువైన యంత్రములు అక్కరలేదు. పూజకు పూలు కోయుట నిలుచుటకు అభ్యాసము. బిల్వదళములను ఒక్కొక్కటిగ పళ్లెరమున పెట్టుట వ్రేళ్లకు అభ్యాసము. గంట మ్రోగించుట, విభూతి తీసి నుదుట పెట్టుకొనుట చేతికిని కంటికిని పొందిక నేర్పును. వేరుశనగకాయలు ఒలుచుట, చపాతీపిండి పిసుకుట, సగము నీరు గల చెంబును మోయుట, గుడిమెట్లు ఎక్కుట అన్నియు వ్యాయామములే. ఒక చేయి బలహీనమైన బిడ్డ మంచి చేతినే వాడి రెండవదానిని మరచును. అట్టి బిడ్డకు రెండు చేతులు కావలసిన పనులు చెప్పవలెను.

తల్లిదండ్రులు ఇంట చేయించిన అభ్యాసము ఎంత ఫలించునో ఒక ఉదాహరణము. 2001లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, డౌన్ సిండ్రోమ్ శిశువులను తల్లిదండ్రులు ఇంటనే ఒక చిన్న నడకయంత్రముపై పట్టుకొని అడుగులు వేయించిరి. దినమునకు 8 నిమిషములు, వారమునకు 5 దినములు. ఆ శిశువులు తక్కిన డౌన్ సిండ్రోమ్ శిశువులకంటె మూడు నెలలకు పైగా ముందుగ స్వయముగ నడచిరి. చేయించినది గంటలకొలది కాదు, 8 నిమిషములే. కాని తప్పక చేయించిరి. నడకయంత్రము లేని ఇంటివారు బిడ్డకు తగిన అడుగుల అభ్యాసమును ఫిజియోథెరపీ నిపుణునినుండి నేర్చుకొనవచ్చును.

జాగ్రత్తలు కొన్ని గలవు. డౌన్ సిండ్రోమ్ బిడ్డలలో సగమునకు దగ్గరగ పుట్టుకతో గుండెలోపము గలవారుందురు. ముందు గుండెపరీక్ష కావలెను. వారి మెడ ఎముకల కీలు వదులుగ ఉండవచ్చును గనుక పిల్లిమొగ్గలు వేయించుట, తలపై నిలుపుట తగదు. నడువని సెరిబ్రల్ పాల్సీ బిడ్డకు తుంటికీలు జారుచుండును. నొప్పి లేకున్నను వైద్యుడు చెప్పిన కాలమునకు ఎక్స్‌రే తీయించవలెను. బిగిసిన కాలును బలవంతముగ లాగరాదు. ఏడ్చుచు చేసిన వ్యాయామము మరునాడు బిడ్డను దూరము చేయును. పెద్దబిడ్డలకు, వైకల్యము గలవారితో సహా, దినమునకు సగటున 60 నిమిషముల చురుకైన కదలిక మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. ఆటయైనను, నడకయైనను, ఈతయైనను సరియే. ఎవరి శక్తికి తగినంత వారు చేయవలెను.

లక్కమ్మ నేర్పిన మితము

కల్యాణమున రాలిన బియ్యపుగింజలు ఏరి తెచ్చుట ఆయ్దక్కి మారయ్య కాయకము. ఒకనాడాయన నిత్యముకంటె అధికముగ తెచ్చెను. భార్య లక్కమ్మ చూచి, అధికమైనదానిని తెచ్చినచోటనే విడిచి రమ్మని పంపెను. మనసున ఆశ చొరబడినచో కాయకము చెడునని ఆ తల్లి భావము.

బిడ్డల చికిత్సయందును ఆశ ఇట్లే చొరబడును. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున గ్లెన్ డోమన్ 1955లో స్థాపించిన సంస్థ ఒక పద్ధతిని ప్రచారము చేసినది. పలువురు పెద్దలు బిడ్డ తలను, కాలుసేతులను పట్టి ప్రాకుచున్నట్లు కదలించుచు, దినమున ఎన్నోమారులు చేయించుట దాని ముఖ్యాంగము. ఇరుగుపొరుగువారు వంతులు వేసికొని వచ్చిరి. తల్లులు నిద్రాహారములు మానిరి. అమెరికా శిశువైద్యుల సంస్థ 1982లోను, మరల 1999లోను ఈ పద్ధతికి తగిన ఆధారము లేదని, కుటుంబముపై మోయరాని భారము వేయునని ప్రకటించినది. ఫలము రానపుడు ఆ తల్లులు పద్ధతిని తప్పుపట్టలేదు. తాము చాలినంత చేయలేదని తమ్మే నిందించుకొనిరి. ఇదియే అన్నిటికంటె గొప్ప నష్టము.

కావున ఎవరైన “ఇన్ని నెలలలో మామూలుగ చేసెదను” అని మాట ఇచ్చినపుడు, ముందుగ పెద్దమొత్తము కోరినపుడు, వైద్యుని మందులు ఆపుమన్నపుడు, అనేక వ్యాధులకు ఒకే చికిత్స చెప్పినపుడు లక్కమ్మను తలచికొని వెనుకకు మరలవలెను. భూమి అమ్మి తెచ్చిన ధనము బిడ్డ భవిష్యత్తునకు అవసరము.

సరియైన సహాయము ఊరికి మరీ దూరమున లేదు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము ననుసరించి, పుట్టినది మొదలు 18 ఏండ్లవరకు బిడ్డలను పరీక్షించి, జిల్లా సత్వర చికిత్సా కేంద్రములకు పంపు ఏర్పాటు కలదు. సికింద్రాబాదు మనోవికాస్ నగరమున 1984లో వెలసిన జాతీయ సంస్థ బుద్ధి వికాసలోపముగల బిడ్డలకు చికిత్సయు, తల్లిదండ్రులకు శిక్షణమును ఇచ్చుచున్నది. 2016నాటి దివ్యాంగుల హక్కుల చట్టము 21 విధముల వైకల్యములను గుర్తించినది. వైకల్యము అధికముగ నిర్ణయింపబడిన బిడ్డకు 6 ఏండ్లనుండి 18 ఏండ్లవరకు ఉచిత విద్య హక్కుగ లభించును. ఇది ఎవరి దయయు కాదు.

బంధువుల దాసోహము

ఇంతవరకు తల్లిదండ్రుల కర్తవ్యము చెప్పబడినది. ఇక తక్కినవారి మాట. ఇట్టి బిడ్డ గల ఇంట తల్లికి సెలవు దినము లేదు. మూడు పూటల భోజనము, మందు, అభ్యాసము, రాత్రి మేల్కొనుట ఆమె ఒక్కతెపైననే పడుచున్నది. దాసోహమనగా పంక్తిలో వడ్డించుట మాత్రమే కాదు. వారమునకొక పూట ఆ బిడ్డకు అన్నము పెట్టుట నేర్చుకొని, ఆ తల్లిని విశ్రమింపనిచ్చిన పినతల్లి చేసినది దాసోహమే. తండ్రి దినమున కొంతసేపు బిడ్డ అభ్యాసమును తన కాయకముగ స్వీకరింపవలెను. “నీ కోడలి వంశమున ఎవరికైన ఇట్లున్నదా?” అని అత్తగారిని అడుగు నోటిని పెద్దలు అక్కడనే వారింపవలెను.

బసవజయంతికిని, శివరాత్రికిని ఈ బిడ్డలను ఇంట దాచి రావలదు. పూజవేళ బిడ్డ కేకవేసినచో పూజ చెడదు. కూర్చుండలేని బిడ్డకు గోడవారగ ఒక చోటు, శబ్దమునకు బెదరు బిడ్డకు వెలుపలి వసారాలో ఒక చాప ఏర్పరచుట మఠమునకు భారము కాదు. మెడలో లింగము గలవాడు మన పంక్తికి అర్హుడే.

మననము చేయవలసిన అంశములు

1. లింగధారణము బిడ్డ శక్తిని చూచి జరుగలేదు. కావున బిడ్డ గౌరవము ఎదుగుదలపై ఆధారపడియుండదు.

2. కారణము తెలిసికొనిన పిమ్మటనే ఆహారము మార్చవలెను. బి-12, థైరాయిడు, రక్తహీనత పరీక్షలు ఆలస్యము చేయరాదు.

3. అన్నము నెమ్మదితో పెట్టిననే ప్రసాదము. అభ్యాసము బిడ్డ తాను చేసిననే కాయకము.

4. కొద్దిగ, నిత్యము, ఆనందముగ చేసినది నిలుచును. మితిమీరినది తల్లిని, బిడ్డను కూడ అలయించును.

5. మీ వీధిలో ఇట్టి బిడ్డ గల ఇల్లేది? ఈ మూడు నెలలలో మీరు ఆ ఇంటికి చేయగల సేవ యేది? సత్సంగమున దీనిని గూర్చి మాటలాడుకొని, వచ్చు సంచిక నాటికి ఒక్క పనినైనను మొదలిడవలెను.

ఈ సంవత్సరము బిడ్డ చెంబు పట్టుట నేర్చినచో సంతోషింపవలెను. నేర్వనిచో మరల పట్టింపవలెను. రెండు సంవత్సరములందును బిడ్డ మెడలోని లింగమొక్కటియే.

శరణు శరణార్థి.